ఐదో నంబరు మీద రాసిన రిపోర్టు

ఐదో నంబరు మీద నేను రాసిన రిపోర్టు ఒకటిన్నర పేజీ. అందులో తప్పు లేనిది పైన వేసిన తేదీ ఒక్కటే: జులై పన్నెండు, 2021. మిగతాదంతా తప్పని తెలియడానికి నాకు ఎనిమిది వారాలు పట్టింది. నాకు ముక్కు మీద కోపమని మా వాళ్లందరికీ తెలుసు. తెలివి కూడా దాని పక్కనే ఉందని అప్పటిదాకా నేను నమ్ముతూ వచ్చాను.

ఐదో నంబరు ఒక కంప్యూటర్. సూరత్ కతర్‌గామ్‌లో మా సేఠ్ హస్ముఖ్ భాయి వజ్రాల యూనిట్‌లో ఎనిమిది కంప్యూటర్లను ఒక జట్టుగా కలిపి పెట్టారు. ముడి రాయిని స్కాన్ చేసి ఇస్తే, దాన్ని ఎటు నుంచి ఎలా కోస్తే ఎక్కువ బరువు దక్కుతుందో అవి లెక్క కడతాయి. లోపల మచ్చలూ పగుళ్లూ ఉన్న పెద్ద రాయి అయితే ఆ లెక్కకు పదిహేను గంటలు కూడా పడుతుంది. నడుమ ఒక యంత్రం మీద బరువు పెరిగితే, లెక్క అక్కడి నుంచి లేచి ఖాళీగా ఉన్న ఇంకో యంత్రంలోకి వెళ్లి, ఆపిన అంకె దగ్గరే మళ్లీ మొదలుపెడుతుంది. అలా తిరిగే లెక్కలు దారి తప్పకుండా చూడటమే నా ఉద్యోగం. నాకు ఆ పని నేర్పింది యూనిట్‌లో యంత్రాలను చూసుకునే వినోదన్న.

వినోదన్నదీ మాదీ ఒకే వైపు, సిరిసిల్ల దగ్గర. వాళ్ల నాన్న, మా బాపు నర్సింగం, ఇద్దరూ సూరత్‌కు సాంచాలు నడపడానికే వచ్చారు. పవర్‌లూమ్‌ను మావాళ్లు సాంచా అంటారు. మా బాపు ముప్పై ఏళ్లు పాండేసరలో సాంచాల మధ్య నిలబడి, నన్ను మాత్రం ఆ షెడ్డు గడప తొక్కనివ్వలేదు. ఏప్రిల్‌లో కరోనా వచ్చి, ఆసుపత్రిలో పడక దొరికిన మూడో రోజు పోయాడు. శవాన్ని ఇంటికి కూడా తేనివ్వలేదు. అమ్మ నా చిన్నప్పుడే పోయింది కాబట్టి, వడోద్‌లోని ఒక్క గది ఇంట్లో నేనూ బాపు తల్లి ఎల్లవ్వా మిగిలాం. ఎల్లవ్వ నాకు బాపమ్మ.

బాపమ్మను ఒంటరిగా వదిలి పనికి రాలేనని చెప్తే, వినోదన్నే సేఠ్‌ను ఒప్పించాడు. ఒకటో నంబరు యంత్రాన్ని ఆటోలో వేసుకుని మా ఇంటికి తెచ్చాడు. మాస్కు తీయకుండా గంటన్నర కూర్చుని వైర్లన్నీ కలిపి, బాపమ్మ ఇచ్చిన చాయ్ బయట మెట్ల మీద తాగి వెళ్లాడు. అప్పటి నుంచి నేను ఇంట్లో లెక్క మొదలుపెడితే అది యూనిట్‌లో ఉన్న మిగతా ఏడింటిలో ఏది ఖాళీగా ఉంటే దానిలోకి పోయేది.

మొదటి రోజే బాపమ్మ యంత్రం చుట్టూ తిరిగి చూసింది.

"గీ నీలం తీగ ఏందే బిడ్డా?"

"పని పోయే దారం బాపమ్మా. నేనీడ మొదలువెడత. దీంట్ల నుంచి పోయి కతర్‌గామ్‌ల నడుస్తది."

"మరి మిషిన్ బంద్ చేసేదెప్పుడు?"

"చెయ్యం. దాన్ని మాత్రం ముట్టకు. అది బంద్ అయితే నా నౌకరి బంద్ అయితది."

సరేనని తల ఊపింది. ఆ మాట మీద ఆమె చివరిదాకా నిలబడింది. యంత్రాన్ని ఒక్కసారి కూడా ముట్టలేదు.

మే పదకొండు, మంగళవారం. ముందు రోజు సాయంత్రం ఎక్కించిన లెక్క పొద్దున ఎనిమిదిన్నర ప్రాంతంలో ఐదో నంబరులో ఉండగా చచ్చిపోయింది. నేను కింద కుళాయి దగ్గర నీళ్లు పట్టి, స్నానం ముగించుకుని వచ్చేసరికి తెర మీద ఎర్ర అక్షరాలు. ఎర్రర్ నంబరు ఒకటి ఇచ్చి ఊరుకుంది. దానికి మూడు కారణాలుండొచ్చని యంత్రాలతో వచ్చిన పుస్తకంలో ఉంది: మెమరీ పాడవడం, యంత్రం వేడెక్కడం, కనెక్షన్ తెగడం. వినోదన్న ఐదో నంబరును విప్పి దుమ్ము దులిపాడు. లెక్క మళ్లీ ఎక్కించాం, సాఫీగా ముగిసింది.

జూన్ పది, గురువారం. మళ్లీ ఐదులోనే, మళ్లీ ఆ వేళకే. వినోదన్న మెమరీ మార్చాడు, ఫ్యాన్ మార్చాడు, యంత్రాన్ని కిటికీ పక్క నుంచి గోడ పక్కకు జరిపాడు. ఆ మధ్య రోజుల్లో అదే ఐదో నంబరు అంతకంటే పెద్ద లెక్కలను ఏ గొడవా లేకుండా చేసింది. నాకు బుర్ర తిరిగిపోయింది. పాడైన యంత్రం రోజూ పాడుగానే ఉండాలి కదా. ఇరవై తొమ్మిది రోజులు బుద్ధిగా ఉండి ముప్పయ్యో రోజు ఒక్క అరగంట చెడిపోయే యంత్రాన్ని నేను ఎక్కడా చూడలేదు.

"సింధూ, ఒకసారి ఇంటి మిషిన్ లాగ్ గూడ చూడరాదు," అన్నాడు వినోదన్న ఫోన్‌లో. లాగ్ అంటే యంత్రం తనకు జరిగిన ప్రతిదాన్నీ వేళతో సహా రాసుకునే చిట్టా.

నేను ఒంటికాలి మీద లేచాను. "నా మిషిన్ యాభై దినాలసంది ఒక్కసారి ఆరలేదన్నా. సచ్చేది నీ కాడ, చూసేది నా కాడనా?"

"గట్ల గాదు..."

"ఎట్ల గాదు? రెండుసార్లు ఐదులనే ఎందుకు సస్తున్నది మరి?"

ఊరుకున్నాడు. ఊరుకున్నాడంటే ఒప్పుకున్నట్టే అనుకున్నాను.

జులై తొమ్మిది, శుక్రవారం. ఈసారి చచ్చింది ముంబై వాళ్ల పెద్ద రాయి లెక్క. మధ్యాహ్నానికి ఇస్తామని మాటిచ్చిన రాయి. హస్ముఖ్ భాయి ఎప్పుడూ అరవని మనిషి, ఆ రోజు ఫోన్‌లో అరిచాడు. గల్తీ కిస్కీ హై, లిఖ్ కే దో, అన్నాడు. తప్పు ఎవరిదో రాసివ్వాలి. ఎవరిదైతే వాళ్లు ఇంటికి పోవాలి.

మూడు రోజులు తల పట్టుకుని కూర్చున్నాను. మంగళవారం, గురువారం, శుక్రవారం. వారాల్లో ఏమీ కుదరలేదు. తేదీలు చూస్తే పదకొండు, పది, తొమ్మిది. నెల నెలా ఒకటి తగ్గుతోంది. ఈ లెక్కన వచ్చే నెల ఎనిమిదిన చావాలి, ఆ పై నెల ఏడున. అలా తగ్గుతూ పోతే సున్నా తేదీన ఏమవుతుందో కూడా ఆలోచించాను, అంత పాడైంది నా బుర్ర. కేబుల్ అబ్బాయి దేవదాస్‌ను పిలిచి అడిగితే, ఆ రోజుల్లో లైన్ బాగానే ఉందని ఒట్టేసి చెప్పాడు. ఇక మిగిలింది ఐదో నంబరే. దాన్ని చూసుకునేది వినోదన్న.

రిపోర్టులో 'నిర్వహణ లోపం' అని రాశాను. రెండే మాటలు. రాస్తున్నప్పుడు చెయ్యి ఆగింది, అబద్ధం చెప్పను. కానీ నా పేరు రాసుకోవడానికి నాకు కారణం కనిపించలేదు. నా నౌకరి పోతే బాపమ్మా నేనూ ఏం తిని బతకాలి అన్న భయం కూడా ఆ చేతి వెనక ఉంది. నాలుగో రోజు వినోదన్నను పనిలోంచి తీసేశారు. అతను నన్ను ఒక్క మాట అనలేదు. ఫోన్‌లో చిన్న మెసేజ్ పెట్టాడు: "ఐదో నంబరు ఫ్యాన్ నెలకోసారి తుడిపించు."

నాకు ఏడుపొచ్చింది. దాన్ని కోపంగా మార్చుకోవడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటే. తప్పు చేసినవాడు సలహాలు కూడా ఇస్తున్నాడని తిట్టుకుని మెసేజ్ చెరిపేశాను.

ఆగస్టు వచ్చింది. ఎనిమిదో తేదీన ఏమీ జరగలేదు. నెలంతా ఏమీ జరగలేదు. సేఠ్ ఫోన్ చేసి, సింధు బేన్, నువ్వు సరిగ్గా పట్టుకున్నావ్ అని మెచ్చుకున్నాడు. ఆ మెప్పు నా ఒంటికి పట్టలేదు. వినోదన్న బమ్రోలిలో సాంచాలు నడుపుతున్నాడని కింది అంతస్తు స్వరాజ్యం అత్త చెప్పింది. మా బాపు నన్ను ఏ పని నుంచి తప్పించాలని చదివించాడో ఆ పనిలోకి నేను ఒక మనిషిని తోసేశాను. అయినా రిపోర్టు నిజమే కదా, ఆగస్టే సాక్ష్యం కదా అని నాకు నేనే చెప్పుకునేదాన్ని.

సెప్టెంబర్ ఆరు, సోమవారం. మామూలుగా శనివారం, ఆదివారం సాయంత్రాలు లెక్కలు ఎక్కించను. ఈసారి సోమవారం మధ్యాహ్నానికే కావాలన్నారు కాబట్టి ఆదివారం ఎక్కించాను. పొద్దున చూస్తే లెక్క ఐదో నంబరులో చక్కగా నడుస్తోంది. ఎనిమిదింటికి బిందె తీసుకుని కిందికి దిగాను. ఎక్కడో పైపు పగిలిందట, అర బిందె కూడా నిండక ముందే కుళాయి ఆగిపోయింది. రోజూ ముప్పావుగంట పట్టే పని పావుగంటలో ముగిసింది. నీళ్లవాళ్లను తిట్టుకుంటూ పైకొచ్చాను.

తలుపు దగ్గరగా వేసి ఉంది. తోశాను.

బాపమ్మ తలస్నానం చేసి, తడి జుట్టు ముడి వేసుకుని యంత్రం ముందు కూర్చుని ఉంది. యంత్రం వెనక ఉండాల్సిన నీలం వైరు ఇత్తడి పళ్లెంలో చుట్టగా ఉంది. దానికి పసుపు, కుంకుమ. పక్కన దీపం. తెర వెలుగుతూనే ఉంది, దాని అంచున కూడా ఒక కుంకుమ బొట్టు. కింది మూలన కనెక్షన్ లేదని చెప్పే చిన్న గుర్తు. బిందె ఎక్కడ దించానో నాకు గుర్తులేదు.

"బాపమ్మా! ఏం చేస్తున్నవ్?"

"ఒర్లకు. దీపం ముట్టిచ్చిన. జరసేపట్ల మళ్ల పెడత."

"ఎందుకు తీసినవ్ దాన్ని?"

"ఇయ్యాల అమాస గదనే. పొలాల అమాస."

"అమాసైతే?"

ఈ మాత్రం తెలియదా అన్నట్టు నన్ను చూసింది. "అమాసనాడు మగ్గం మీద దారం కదలద్దు. మీ తాత ఉన్నన్నాళ్లు మా ఇంట్ల కదలలె."

నాకు వెంటనే ఏమీ అర్థం కాలేదు. అమావాస్యకూ మగ్గానికీ, మగ్గానికీ నా యంత్రానికీ, యంత్రానికీ ఆ పళ్లేనికీ సంబంధం కలపలేక అలాగే నిలబడ్డాను.

"ప్రతి అమాసకు తీస్తున్నవా?" అన్నాను చివరికి.

"పని ఇంట్లకొచ్చిన కాడికెళ్లి తీస్తున్న. నువ్వు నీళ్లకు పోంగనే తీసి, నువ్వొచ్చేలోపట పెడుతున్న. మిషిన్ను ముట్టలే బిడ్డా. నువ్వొద్దన్నవ్ గదా. దారమొక్కటే తీసిన."

గోడకు వేలాడుతున్న తెలుగు క్యాలెండర్ దగ్గరికి వెళ్లాను. మే పదకొండు మీద అమావాస్య గుర్తు, నల్ల చుక్క. జూన్ పది మీద నల్ల చుక్క. జులై తొమ్మిది. ఆగస్టు ఎనిమిది మీద కూడా ఉంది, కానీ అది ఆదివారం, శనివారం నేను లెక్క ఎక్కించలేదు. చచ్చేందుకు ఆ రోజు లెక్కే లేదు. వినోదన్నను తీసేసినందువల్ల బాగుపడిందనుకున్న నెల అది.

అప్పుడు ఇంటి యంత్రం లాగ్ తెరిచాను. జూన్‌లో అతను చూడమన్న లాగ్. ప్రతి నల్ల చుక్క నాడూ ఎనిమిదీ పది ప్రాంతంలో కనెక్షన్ తెగింది, ఇరవై నిమిషాల తర్వాత తిరిగి వచ్చింది. ఆగస్టు ఎనిమిదితో సహా.

మా జట్టులో లెక్క ఎక్కడికి వెళ్లినా, పుట్టిన యంత్రంలో దాని చిన్న ముక్క ఒకటి ఉండిపోతుంది. ఏ ఫైలు తెరవాలన్నా, ఏ అంకె రాసిపెట్టాలన్నా లెక్క ఆ ముక్కనే అడగాలి. పది నిమిషాలు జవాబు రాకపోతే, ఉన్న చోటే ప్రాణం వదిలేస్తుంది. పెద్ద లెక్కలు తెల్లారేసరికి ఐదో నంబరుకే చేరతాయి, ఎందుకంటే అన్నిటికంటే బలమైనది, ఖాళీగా ఉండేది అదే. అందుకే చావులన్నీ దాని ఖాతాలో పడ్డాయి. ఈ ముక్క సంగతి వినోదన్న నాకు మొదటి వారంలోనే నేర్పాడు. ఎనిమిదీ ఒకే గదిలో ఉన్నన్నాళ్లూ ఎప్పుడూ అవసరపడలేదు. ఒకటి మా ఇంటికి వచ్చాక నేను మరిచిపోయాను.

"నాతోటి ఎందుకు చెప్పలే?" అన్నాను. గొంతు పెద్దదైంది. "ఒక్క మాట చెప్తే ఏమైతుండె?"

"సూరత్‌ల అమాస ఏందంటవని. మీ బాపు గట్లనే అనేటోడు." బాపమ్మ దీపం వత్తిని ముందుకు తోసింది. "ముప్పై ఏండ్లు అమాస లేదు, పున్నం లేదు, సాంచాలు ఆడిచ్చుకుంటనే ఉండె. నేను చెప్పి చెప్పి నోరు మూసుకున్న. ఆఖరికి ఆని కోసం పది దినాలు సక్కగ కూసుండి ఏడ్వనీకె గూడ లేకపాయె. నెలకొక్కనాడు గడియసేపు మనం పనిని కూసుండవెట్టకుంటే, అది మనల్ని కూసుండనిస్తదానె?"

ఆమె మీద అరవాలని ఉంది, ఆమె ఒళ్లో తల పెట్టి ఏడవాలని ఉంది. ఈలోగా ఆమె వైరు తీసి యంత్రానికి పెట్టబోయింది. చెయ్యి పట్టుకుని ఆపాను. పది నిమిషాలు ఎప్పుడో దాటాయి, ఐదో నంబరులో లెక్క అప్పటికే పోయింది.

సేఠ్‌కు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. వైరు మా ఇంట్లో తీశారని, అమావాస్య అని, వినోదన్న తప్పు అణువంత కూడా లేదని, లాగ్ చూడకుండా రాసింది నేనని. అంతా విని మామూలు గొంతుతో మూడు ముక్కలు చెప్పాడు. రేపు యంత్రాన్ని తిరిగి యూనిట్‌కు తీసుకురా. కొత్త రిపోర్టు రాసి తీసుకురా, ఆ తర్వాత నీ సంగతి చూద్దాం. వినోద్ వస్తానంటే తీసుకుంటాను, కానీ ఫోన్ నువ్వే చెయ్.

రేపటి నుంచి బాపమ్మ పగలంతా ఒంటరిగా ఉండాలి. నా ఉద్యోగం ఉంటుందో లేదో రేపు తెలుస్తుంది. ముందు రిపోర్టు రాద్దామని కాగితం తీశాను. 'కారణం' అన్న గడి దగ్గర కలం ఆగింది. వైరు అని రాయాలా? అమావాస్య అనా? బాపమ్మ పేరా? ఆమె తాను ఇచ్చిన మాట తప్పలేదు. దారం అని ఆమెకు చెప్పింది నేనే. నేతింట్లో పుట్టిన మనిషికి దారం అని చెప్పి, అమావాస్య నాడు అది కదులుతుంటే చూస్తూ కూర్చోమంటే ఎలా? పావుగంట ఆలోచించినా గడి ఖాళీగానే ఉంది. కాగితం పక్కన పెట్టి వినోదన్నకు ఫోన్ చేశాను.

నాలుగో రింగుకు ఎత్తాడు. వెనక సాంచాల మోత. బాపు ఫోన్ ఎత్తినప్పుడు కూడా ఇలాగే వినిపించేది.

"ఎవలూ?" అని అరిచాడు.

"నేనన్నా, సింధును."

"ఆఁ, సింధూ. జల్ది చెప్పు. ఎనిమిది సాంచాలున్నయ్ నా మీద."

నేను చెప్పాను. తొందర తొందరగా, వెనకది ముందూ ముందుది వెనకా పెట్టి చెప్పాను. నీలం వైరు, అమావాస్య, నల్ల చుక్కలు, ఆగస్టు ఆదివారం. క్షమించమని కూడా అడిగాను. సగం వినిపించిందో లేదో తెలియదు. నేను ఆగాక మోత ఒక్కటే మిగిలింది.

"అన్నా? ఉన్నవా?"

"ఉన్న. అంటే ఐదో నంబరు మంచిగనే ఉండెనా?"

"మంచిగనే ఉండె."

"నేను మెమరీ మార్చినప్పుడు ఏదన్న తప్పు వెట్టిన్నేమో అనుకున్ననే. రెండు నెల్లసంది గదే మనసుల తిరుగుతున్నది. సాంచా కాడ నిలబడ్డా గదే. ఏ పిన్ను వంకర వెట్టిన్నో, ఏది మరిసిన్నో అని."

నేను రాసిన రెండు మాటలను నాకంటే ఎక్కువ అతనే నమ్మాడు. ఆ సంగతి నాకు అప్పటిదాకా తట్టలేదు. అతను నా మీద కోపంగా ఉంటాడనుకున్నాను, తిడితే పడదామనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

"నీ తప్పు లేదన్నా," అన్నాను.

"ఇనవడ్తలేదు. ఇంకోసారి చెప్పు."

"నీ తప్పు లేదన్నా!" గొంతు చించుకుని అరిచాను. "ఏం తప్పు లేదు నీది!"

పళ్లెం తీసి లోపల పెడుతున్న బాపమ్మ ఆగి, వెనక్కి తిరిగింది.

"మరి ఎవలదే తప్పు?" అని అడిగింది భయం భయంగా.

ఫోన్ చెవి దగ్గరే ఉంది, అవతల సాంచాలు ఆడుతూనే ఉన్నాయి.

"నాది బాపమ్మా," అన్నాను. కాగితం ముందుకు లాక్కుని, ఖాళీగా ఉన్న గడిలో నా పేరు రాశాను.